శాలిహుండం కొండ, మా మావయ్య, నా సందేహాలు

శ్రీకాకుళం జిల్లాలో పుట్టినవాళ్ళకు మొక్కుకోవడానికి దేవుళ్ళ కొరత ఏనాడూ లేదు. రథసప్తమికి అరసవల్లి, డోలోత్సవానికి శ్రీకూర్మం, శివరాత్రికి శ్రీముఖలింగం అంటూ ఏడాది పొడవునా ఇళ్ళల్లో ప్రయాణాల హడావిడి నడుస్తూనే ఉంటుంది. ఆ వరుసలో శాలిహుండం పేరు మా చిన్నతనంలో ఎవరి నోటా వినబడేది కాదు. గార మండలంలో, వంశధార దక్షిణపు ఒడ్డున, నది సముద్రంలో కలిసే కళింగపట్నానికి కొద్దిగా ఎగువన ఉన్న ఆ కొండ మీద సుమారు క్రీస్తుపూర్వం 2వ శతాబ్ది నుంచి క్రీస్తుశకం 12వ శతాబ్ది దాకా బౌద్ధులు ఉన్నారు. అంటే ఇప్పుడు మనం అనాదిగా ఉన్నాయనుకునే గుళ్ళలో చాలావాటికి పునాదిరాయి పడకముందే అక్కడ భిక్షువులు వానాకాలమంతా ఒకేచోట ఉండే వర్షావాసాలు గడిపి వెళ్ళిపోయారు. అయినా మా వాళ్ళకు అది తీర్థం కాదు, కార్తీకమాసంలో వనభోజనాలకు పనికొచ్చే కొండ. నాకు మాత్రం జీవితంలో యాత్ర అని చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే, అది ఆ కొండకు చేసిందే. దేవుడినీ మహిమలనూ నమ్మని నేను ఈ మాట ఆలోచించే రాస్తున్నాను.

మా ఇంట్లో పూజగది ఉండేది కాదు. నాన్నగారు హైస్కూల్లో లెక్కల మాస్టారు. యౌవనంలో నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి ఉపన్యాసం విన్న నాటి నుంచి ఆయన దేనికీ దండం పెట్టలేదు. మా అన్నదమ్ములకు ఆయన నేర్పిన పాఠం ఒక్కటే: ఎవరు ఏ మాట చెప్పినా, "మీకు ఎలా తెలిసింది?" అని మర్యాదగా అడగాలి. ఇది గొప్ప కోసం నేర్పిన విద్య కాదు. మా వైపు పల్లెల్లో చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో ముసలివాళ్ళను చెట్టుకు కట్టి కొట్టిన సంఘటనలు, పళ్ళు రాలగొట్టిన సంఘటనలు ఆ రోజుల్లో వింటూనే ఉండేవాళ్ళం. ఊరంతా ఒక మాట నమ్మేస్తే, ఎలా తెలిసిందని అడిగే మనిషి ఒక్కడూ లేకపోతే ఏమవుతుందో నాన్నగారు తన కళ్ళతో చూశారు. అందువల్ల సందేహించడం మా ఇంట్లో ఒక బాధ్యత. నేను ఆ బాధ్యతను కొంత ఉత్సాహంగానే మోశాను.

డిగ్రీలో చరిత్ర తీసుకున్నాక ఆ ఉత్సాహం బౌద్ధం వైపు మళ్ళింది. మా కాలేజీలో అందరూ గర్వంగా చెప్పుకునే కథ దంతపురిది. బుద్ధుడి మహాపరినిర్వాణాన్ని వర్ణించే పాలి సూత్రం చివరి గాథల్లో, ఆయన దంతాల్లో ఒకటి కళింగరాజు దేశంలో పూజలందుకుంటోందని ఉంది. ఆ దంతం వెలసిన నగరం దంతపురం. సరుబుజ్జిలి మండలంలో మట్టికోట గోడలు మిగిలిన దంతవరపుకోటే ఆ నగరమని మన వాళ్ళు అంటారు. కాదు, అది పూరీయేనని ఒడిశా వాళ్ళలో కొందరు అంటారు. 4వ శతాబ్దిలో శత్రువులు ముట్టడించినప్పుడు కళింగరాజు గుహశివుడు ఆ దంతాన్ని కూతురు హేమమాలకూ, అల్లుడు దంతకుమారుడికీ అప్పగించాడనీ, ఆమె దానిని కొప్పులో దాచుకుని ఓడ ఎక్కి సింహళానికి చేర్చిందనీ అక్కడి గ్రంథాలు చెబుతాయి. నేడు కాండీ నగరపు దలదా మందిరంలో పూజలందుకుంటున్నది అదేనని లక్షలాది మంది విశ్వాసం.

నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చిన ఘట్టం దాని తర్వాతిది. 1560లో పోర్చుగీసువారు జాఫ్నా మీద దాడి చేసి ఒక దంతాన్ని పట్టుకుపోయారు. బర్మాలోని పెగూ రాజు దాని కోసం పెద్ద ధనరాశి ఇస్తానన్నా మతాధికారులు ఒప్పుకోలేదు. గోవాలో దానిని నూరి, కాల్చి, ఆ బూడిదను నదిలో కలిపేశారు. అయితే అసలు దంతం తమ దగ్గరే భద్రంగా ఉందని సింహళంలో ప్రకటించారు, పూజ ఆగలేదు. పందొమ్మిదేళ్ళ వయసులో ఈ సంగతి చదివినప్పుడు నాకు ఇక చర్చ ముగిసినట్టే అనిపించింది. పొడి చేసినా అయిపోని వస్తువును గురించి ఎలా తెలిసిందని అడిగి లాభమేమిటని అప్పట్లో స్నేహితులతో గంటల తరబడి వాదించేవాడిని. ఆ వాదం నేటికీ సరైనదేనని నా అభిప్రాయం.

ఆ వేసవిలోనే మా మేనత్త గారి ఊరు వెళ్ళాను. గార దగ్గర పల్లె. పొలం గట్ల మీద తాటిచెట్లు, ఇళ్ళ చుట్టూ కొబ్బరిచెట్లు, సాయంత్రమయ్యేసరికి సముద్రం మీద నుంచి వచ్చే ఉప్పుగాలి. మా మావయ్యకు చదువు లేదు. సంతకం నేర్చుకున్నాడు, అంతే. పొద్దున్నే చోడి అంబలిలో ఉల్లిపాయ నంజుకుని పొలానికి వెళ్ళిపోయే మనిషి. నేను భోజనాల దగ్గర దంతపురి కథను చీల్చి చెండాడుతుంటే మా అత్త చెవులు మూసుకుంది గాని, మావయ్య మాత్రం శ్రద్ధగా విని, చేయి కడుక్కున్నాక అన్నాడు: "ఆ కొండ నివ్వు సూసినావేటి అల్లుడూ? నాను తవ్వినాను."

ఆ మాటకు నేను నివ్వెరపోయాను. శాలిహుండం గురించి చరిత్ర పాఠంలో రెండు వాక్యాలు చదువుకున్నాను గాని, ఆ మట్టి మోసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడని నాకు ఎవరూ చెప్పలేదు. 1919లో గిడుగు రామమూర్తి పంతులు గారు ఆ దిబ్బలను గుర్తించి లోకానికి తెలియజేసిన తర్వాత లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్ వంటి పురావస్తు అధికారులు కొంత కొంత తవ్వించారు. 1950ల్లో ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో పెద్ద ఎత్తున తవ్వకాలు జరిగినప్పుడు చుట్టుపక్కల పల్లెల కుర్రవాళ్ళు కూలికి వెళ్ళారు. పెళ్ళికి ముందు మావయ్య ఆ కూలీల్లో ఒకడు.

మర్నాడు తెల్లవారకుండానే ముగ్గురం బయలుదేరాం. ఎండ ముదిరితే కొండ మీద రాయి కాలుతుందని అత్త తొందరపెట్టింది. కొండ పాదం నుంచి పైకి రాతి పలకలు పరిచిన మెట్లదారి ఉంది. దానికి రెండు వైపులా వేర్వేరు మట్టాల్లో స్తూపాలు, చైత్యగృహాలనే పూజామందిరాలు, భిక్షువులు ఉండే విహారాల గోడలు, మొక్కు తీర్చుకోవడానికి కట్టించిన చిన్న చిన్న స్తూపాలు కనిపిస్తాయి. గైడు ఎవరూ లేరు. మావయ్య మెట్లకు వంకగా నడుస్తూ, ఏ గోడ దగ్గర ఏ ఏడు మట్టి తీశారో, ఎక్కడ తేలు కుట్టి ఎవరిని మంచం మీద మోసుకెళ్ళారో, ఎక్కడ అధికారులు గుడారం వేశారో చెప్పుకుంటూ వెళ్ళాడు. చరిత్ర పుస్తకంలో ఉండే వరుస అతని దగ్గర లేదు. అశోకుడు, శాతవాహనులు, తూర్పు గాంగులు అనే పేర్లు అతనికి అనవసరం. పైనుంచి కిందికి, తాను దిగిన లెక్కలో చెప్పాడు.

ఆ చెప్పడంలో ఒక విషయం నన్ను ఆకట్టుకుంది. పని మొదట్లో గునపాలు పట్టుకెళ్తే వెనక్కి పంపేశారట. చిన్న తాపీతో గీకాలి, బ్రష్షుతో ఊడ్చాలి, తట్టలోకి ఎత్తిన మట్టిని జల్లెడ పట్టకుండా పారబోయకూడదు. నేలను తాళ్ళతో గళ్ళుగా కట్టేవారు. ఒక గడిలో దొరికిన పెంకును పక్క గడి పెంకుతో కలిపితే ఆ పూట కూలి పోయినట్టే. దొరికిన ప్రతి ముక్కనూ కడిగి, సంచిలో వేసి, చీటీ కట్టేవారు. ఒకనాడు ఒక కుర్రవాడు పని సాఫీగా ఉంటుందని పొడుచుకొచ్చిన ఇటుకను పీకి పక్కన పెడితే, అక్కడి పెద్దాయన నెత్తి పట్టుకుని కూర్చుండిపోయాడట. "ఇటికే కదా బావూ, మల్లీ పెట్టేద్దుం అన్నాడు ఆడు. మల్లీ పెడితే అది మనం పెట్టిందవుతాది గాని ఆల్లు పెట్టింది కాదు కదేటి?" అని మావయ్య నన్ను అడిగాడు. సాక్ష్యం అంటే ఏమిటో అంతకన్నా తేటగా చెప్పిన వాక్యం నాకు మా ప్రొఫెసర్ల దగ్గర దొరకలేదు.

పైకి చేరాక వంశధార కనబడింది. వేసవి కావడంతో నది ఇసుక మేటల మధ్య సన్నటి పాయలుగా చీలి తూర్పుకు పోతోంది. ఆ చివర సముద్రం. ఇక్కడ ఆరామం ఎందుకు కట్టారో అక్కడ నిలబడితే అర్థమవుతుంది. పక్కనే రేవు ఉంది, రేవుకు ఓడలొచ్చాయి, ఓడలతో వర్తకులొచ్చారు, వర్తకుల దానాలతో భిక్షువుల భోజనం గడిచింది. తవ్వకాల్లో దొరికిన కుండపెంకుల్లో చక్రపు గీతలు దించిన నునుపైన రకం ఉంది. తూర్పు తీరపు పాత రేవుల్లో ఎక్కడ తవ్వినా కనిపించే రకం అది. ఊరికి మరీ దగ్గర కాకుండా, భిక్షకు వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగి రాలేనంత దూరమూ కాకుండా ఆరామాలు ఉండాలన్నది బౌద్ధుల పాత పద్ధతి. శాలిహుండం ఆ లెక్కకు సరిగ్గా సరిపోతుంది. మహిమ అనే మాట లేకుండానే ఆ స్థలం ఎంపిక మొత్తం వివరించవచ్చు.

స్తూపం పక్కన ఒరిగి ఉన్న ఒక ఇటుకను మావయ్య నాకు చూపించాడు. మన ఇళ్ళకు వాడే ఇటుకతో పోలిక లేదు. ఒక మనిషి రెండు చేతులతో ఎత్తవలసినంత వెడల్పు. దాని పైభాగంలో పచ్చిగా ఉన్నప్పుడు వేళ్ళతో గీసిన గాడి ఉంది. మూడు వేళ్ళ గాడి. మొదట లోతుగా మొదలై, చివరకు వచ్చేసరికి చేయి ఎత్తేసినట్టు తేలిపోయింది. అంచున ఒకచోట గోరు దిగిన నెలవంక గుర్తు కూడా ఉంది. మావయ్య తన మూడు వేళ్ళూ ఆ గాడిలో పెట్టి చూపించి, నన్నూ పెట్టమన్నాడు. నా వేళ్ళకు అది కొంచెం వెడల్పయింది, అతని వేళ్ళకు సరిపోయింది. ఎవరు, ఏ దేవుడిని నమ్మి, ఎంత కూలికి ఆ మట్టిని అచ్చులో ఒత్తాడో చెప్పే ఆధారం లేదు. కాని ఒత్తాడు. దీనికి ఎలా తెలిసిందని అడిగితే, ఇదిగో ఇలా తెలిసిందని వేలు పెట్టి చూపించవచ్చు. నేను ఆ కొండ మీద వంగినది మొదట ఆ ఇటుక ముందే.

అప్పుడు నా అసలు ప్రశ్న అడిగాను. శాలిహుండంలో ధాతుకరండాలు, అంటే అవశేషాలు దాచే భరిణెలు, దొరికాయని చదివాను. రాతిపెట్టె లోపల స్ఫటికంతో చేసిన చిన్న స్తూపం, అందులో బంగారు పూలు. వాటిలో బుద్ధుడి ఎముక ఉందని నమ్మేవాళ్ళు ఉన్నారు. "నువ్వు తవ్వావు కదా మావయ్యా, ఉందంటావా?" అన్నాను. అతను తలపాగా విప్పి ముఖం తుడుచుకుని, చాలా మామూలుగా, "ఆ పెట్టి తీసిననాడు నానక్కడ లేను" అన్నాడు. కాసేపాగి, "నా సేత్తో మోసింది సెప్తాను బావూ. దానికి ముందరిది నాకు తెల్దు. తెల్దని సెప్పడానికి సిగ్గెందుకు?" అన్నాడు. అత్తకు ఈ జవాబు నచ్చలేదు. ఇంత కొండ కట్టినవాళ్ళు ఉత్త పెట్టె పెడతారా అని ఆమె వాదన. నాకు కూడా పూర్తిగా నచ్చలేదని చెప్పాలి. లేదని గట్టిగా అంటాడేమోనని ఎదురుచూశాను. అతను ఆ గీత దాటలేదు. మా నాన్నగారు జీవితమంతా నేర్పాలని చూసిన నియమాన్ని, ఆ నియమం పేరైనా వినని మనిషి, అటు భక్తికీ ఇటు నాస్తికత్వానికీ కూడా సమానంగా వర్తింపజేశాడు.

కళింగం, బౌద్ధం అనగానే మనకు అశోకుడు గుర్తుకొస్తాడు. యుద్ధంలో లక్షమంది చనిపోయారనీ, లక్షన్నరమందిని చెరపట్టారనీ, అందుకు దుఃఖిస్తున్నాననీ ఆయన చెప్పుకున్న 13వ శిలాశాసనాన్ని మనం బడిలో చదువుకున్నాం. ఆ శాసనం మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది, గుజరాత్‌లోని గిర్నార్‌లో ఉంది, వాయవ్య సరిహద్దుల్లో ఉంది. దెబ్బ తిన్న కళింగంలో, అంటే ధౌళిలోనూ, మనకు దగ్గరలో గంజాం జిల్లాలో ఉన్న జౌగడలోనూ మాత్రం లేదు. అక్కడ దాని స్థానంలో వేరే శాసనాలు చెక్కించి, ప్రజలంతా నా బిడ్డలని చెప్పి, వారిని అన్యాయంగా బంధించి హింసించవద్దని అధికారులను ఆదేశించాడు. ఈ సంగతిని నేను క్లాసులో ఆవేశంగా చెప్పేవాడిని. పశ్చాత్తాపాన్ని ఎవరి ముందు చెప్పాలో వారి ముందు చెప్పలేదన్నది నా ఫిర్యాదు. ఆ ఫిర్యాదు నేటికీ అలాగే ఉంది. కాని ఆ కొండ మీద కూర్చుని ఆలోచిస్తే ఇంకో ప్రశ్న పుట్టింది. ఓడిన దేశపు జనం గెలిచినవాడి మతాన్ని కేవలం భయంతో పట్టుకుని ఉంటే, అతని వంశం పోయిన తర్వాత వెయ్యేళ్ళకు పైగా ఈ ఇటుకల మీద ఇటుకలు ఎందుకు పేర్చారు? రాజు ఇష్టం ఒక్కటే దీన్ని నిలబెట్టలేదు. కుండల మీద బ్రాహ్మీ అక్షరాలు గీసుకున్నవాళ్ళకూ, మొక్కుబడి స్తూపాలు కట్టించుకున్నవాళ్ళకూ వేరే కారణాలు ఉండి ఉంటాయి.

ఆ వెయ్యేళ్ళలో అది ఒకే మతంగా కూడా ఉండలేదు. సంక్రాంతి సంక్రాంతికి గోడకు వేసిన సున్నం పొరల్లా అక్కడ ఒక కాలం మీద ఇంకో కాలం కూర్చుంది. బుద్ధుడి రూపం చెక్కడానికే సంకోచించి ఖాళీ సింహాసనంతో, పాదముద్రలతో, చక్రంతో సూచించిన తొలినాటి ఆంధ్ర బౌద్ధం ఎక్కడ, గజపృష్ఠాకారపు చైత్యగృహంలో విగ్రహాన్ని నిలిపిన మహాయానం ఎక్కడ, తారా దేవతలతో, మంత్రాలతో నిండిపోయిన వజ్రయానం ఎక్కడ! ఈ మూడు దశలూ ఒకే కొండ మీద, మెట్లు ఎక్కి దిగేటంత దూరంలో ఉన్నాయి. 7వ శతాబ్దిలో కళింగం మీదుగా వెళ్ళిన చైనా యాత్రికుడు హ్యూయెన్‌త్సాంగ్ ఇక్కడ పదికి పైగా ఆరామాలు, సుమారు ఐదు వందలమంది భిక్షువులు ఉన్నారనీ, ఇతర మతాలవారే ఎక్కువనీ రాశాడు. పూర్వం ఎంతో జనసమ్మర్దంగా ఉన్న ఈ దేశం ఒక ముని శాపం వల్ల పాడుపడిందన్న కథనూ రాశాడు. నాకు ఆయన లెక్క కావాలి, శాపం అక్కర్లేదు. అయితే రెండూ ఒకే చేతి రాత.

కొండ దిగువన శిల్పాలను భద్రపరిచిన చోట మా అత్త ఒక పని చేసింది. బుద్ధ విగ్రహాల ముందు ఆమె మామూలుగానే నడిచింది. మరీచి దేవత ముందు మాత్రం ఆగి, చెప్పులు విప్పి, దండం పెట్టింది. మరీచి వజ్రయానపు ఉషోదయ దేవత. అనేక చేతులు, మూడు ముఖాలు, అందులో ఒకటి పంది ముఖం. ఆమె రథాన్ని ఏడు పందులు లాగుతాయి. నేను ఈ వివరం చెప్పగానే అత్త ఆశ్చర్యపోలేదు. "అరసవిల్లి సూర్నారాయుడికి ఏడు గుర్రాలు, ఈయమ్మకి ఏడు పందులు. ఇద్దరూ తెల్లారగట్ల తిరిగేవోలే కదా, మరేటి తేడా?" అంది. చరిత్ర విద్యార్థిగా నేను ఆ పోలికను అప్పటిదాకా గమనించలేదు. మరీచికీ సూర్యుడికీ ఉన్న సంబంధాన్ని శిల్పశాస్త్రం చదివినవాళ్ళు గుర్తించారని తర్వాత తెలుసుకున్నాను. అత్తకు ఆ పుస్తకాలు తెలియవు. ఏటా రథసప్తమికి అరసవల్లి వెళ్ళే కళ్ళు ఆమెవి, వాటితోనే చూసి పట్టుకుంది.

దాని గురించి దారి పొడవునా నేను ఆమెతో వాదించాను. దేవుడిని గురించి మాట్లాడకుండా దుఃఖాన్ని గురించి మాట్లాడిన మనిషి పేరు మీద వెలసిన కొండపై చివరికి పందుల రథమెక్కిన దేవత మిగలడం నాకు బాధ కలిగించింది, నేటికీ కలిగిస్తుంది. ప్రశ్నించమని చెప్పినవాడిని పూజించడం మొదలుపెడితే ప్రశ్న చచ్చిపోతుందన్నది నా వాదన. అత్త వాదన వేరు. పిల్లకు జ్వరం వచ్చిన తల్లి దుఃఖ కారణాన్ని విచారిస్తూ కూర్చోదు, ఎవరో ఒక అమ్మను పిలుస్తుంది, ఆ అమ్మకు పేరు తార అయితేనేమి, పోలేరమ్మ అయితేనేమి అంటుంది ఆమె. ఆ తల్లుల వల్లనే ఈ కొండ వెయ్యేళ్ళు నడిచి ఉండవచ్చునని ఆ తర్వాత ఆరామాల దాన శాసనాలు చదువుతున్నప్పుడు నాకు తోచింది. ఆంధ్రదేశమంతటా బౌద్ధ స్తూపాలకు దానాలిచ్చినవాళ్ళ పేర్లలో స్త్రీల పేర్లు ఎన్నో ఉన్నాయి. మా వాదం తేలలేదు. అత్త బతికున్నంత కాలం తేలకుండానే సాగింది.

ఇక్కడ గిడుగు వారి గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. మనం ఆయనను వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగానే తలచుకుంటాం, ఆగస్టు 29న దండలు వేస్తాం. శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన ఆ మనిషి ముఖలింగేశ్వర ఆలయంలో అర్థం కాని శాసనాలను చూసి, ఎవరి సాయమూ లేకుండా పాత లిపులు నేర్చుకుని చదివాడు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ కొండల్లోని సవరల భాష నేర్చుకుని వారికి పుస్తకాలూ నిఘంటువూ తయారుచేశాడు. శాలిహుండపు దిబ్బలను గుర్తించినదీ ఆ చూపే. ఎవరూ పట్టించుకోని మాటనూ, ఎవరూ పట్టించుకోని మట్టినీ ఒకే శ్రద్ధతో చూసిన మనిషి మా జిల్లావాడైనందుకు నేను మనసారా గర్విస్తాను. ఎలా తెలిసిందన్న ప్రశ్న వేయడంతో ఆగకుండా, తెలుసుకోవడానికి లిపి నేర్చుకోవడం దాకా వెళ్ళిన సందేహి ఆయన.

చాలా ఏళ్ళ తర్వాత, ఉద్యోగంలో స్థిరపడ్డాక, ఒక వైశాఖ పౌర్ణమి నాడు మళ్ళీ ఆ కొండకు వెళ్ళాను. మావయ్య అప్పటికి ముసలివాడయ్యాడు, కర్ర పట్టుకుని కూడా పైదాకా వస్తానన్నాడు. ఆ రోజు మెట్ల మీద తెల్లబట్టలతో జనం ఉన్నారు. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల నుంచీ, చుట్టుపక్కల దళితవాడల నుంచీ వచ్చిన కుటుంబాలు. అంబేద్కర్ పటం పట్టుకున్న పిల్లలు ముందు నడుస్తున్నారు. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో ఆయన బౌద్ధం స్వీకరించి, తన వెంట వచ్చినవారిచేత చేయించిన 22 ప్రతిజ్ఞలను స్తూపం దగ్గర ఒక మాస్టారు చదువుతుంటే మిగిలినవాళ్ళు తిరిగి పలికారు. బుద్ధుడిని విష్ణువు అవతారమని నమ్మనన్న ప్రతిజ్ఞ వాటిలో ఉంది, మనుషులంతా సమానమని నమ్ముతానన్న ప్రతిజ్ఞ ఉంది. ధాతువుల మీద, మహిమల మీద నమ్మకం ఉంచుతానన్న ప్రతిజ్ఞ ఎక్కడా లేదు.

ఆ మాస్టారితో తర్వాత తీరిగ్గా మాట్లాడాను. నేను కేసపుత్త గ్రామంలో కాలాములనే జనానికి బుద్ధుడు చెప్పిన మాట ఎత్తాను. పరంపరగా వచ్చిందని గాని, గ్రంథంలో ఉందని గాని, గురువు చెప్పాడని గాని నమ్మవద్దన్న మాట అది. సందేహవాదులమైన మాకు ఎంతో ఇష్టమైన మాట. ఆయన చిరునవ్వుతో, మీరంతా అక్కడితో ఆపేస్తారండీ అన్నారు. ఏ పనులు మీకూ పరులకూ హాని చేస్తాయో మీకై మీరే తెలుసుకున్నప్పుడు వాటిని వదలండి, ఏవి మేలు చేస్తాయో తెలుసుకున్నప్పుడు వాటిని ఆచరించండి అన్నది దాని రెండో సగం. నమ్మకపోవడం వరకే అయితే అది తేలిక, ఆచరించమన్న దగ్గరే కష్టమంతా అన్నారు. తమ తాతల కాలంలో తమవారు ఊరి చెరువులో నీళ్ళు ముట్టుకోవడానికి లేదనీ, గుడి మెట్లు ఎక్కనివ్వలేదనీ చెప్పి, ఈ కొండ మెట్లను ఎవరినీ అడగకుండా ఎక్కుతామన్నారు. ఆ మాటకు సాక్ష్యం అడగవలసిన అవసరం నాకు కనబడలేదు. మా ఊళ్ళోనే చూశాను.

భోజనాల వేళ పులిహోర పొట్లాలు పంచుతూ ఒక అమ్మాయి మావయ్యను, "తాతా, ఇక్కడ బుద్ధుడి ఎముక ఉండేదట కదా?" అని అడిగింది. నేను చెవి ఒగ్గాను. వయసు మళ్ళినవాళ్ళు, అందులోనూ చుట్టూ జనం చేరి గౌరవంగా వింటున్నప్పుడు, కథను కాస్త పెంచి చెప్పడం లోకసహజం. మావయ్య పెంచలేదు. పెట్టె తీసిననాడు తాను అక్కడ లేనన్నాడు. కావాలంటే తాను తవ్విన గోడ చూపిస్తానని కర్ర ఊతంగా లేచాడు. పిల్లలందరూ అతని వెంట పోయారు. ఇటుక పీకిన కుర్రవాడి కథ వాళ్ళకు తెగ నచ్చింది.

తవ్వించిన అధికారుల పేర్లు నివేదికల్లో ఉన్నాయి, ఉండాలి కూడా. మట్టి మోసినవాళ్ళ పేర్లు నేను చదివిన ఏ నివేదికలోనూ కనబడలేదు. కూలి పట్టీలు ఉండే ఉంటాయి, వాటిలో వేలిముద్రలూ ఉండే ఉంటాయి. ఆ మూడు వేళ్ళ గాడి ఇటుకకూ, ఆ వేలిముద్రలకూ మధ్య రెండు వేల ఏళ్ళ దూరం ఉందిగాని పనిలో తేడా లేదు. కొండ పాదం దగ్గర ఒక పలక మీద గార, కళింగపట్నం చుట్టుపక్కల పల్లెల కూలీలు ఈ స్తూపాలను వెలికితీశారని ఒక్క వాక్యం రాయిస్తే బాగుంటుందని నేను అడగగలిగిన చోటల్లా అడిగాను, ఇంకా అడుగుతూనే ఉన్నాను.

మావయ్యా అత్తా ఇద్దరూ ఇప్పుడు లేరు. వైశాఖ పౌర్ణమి నాడు వీలైనప్పుడల్లా నేను శాలిహుండం వెళ్తాను. శరణాలు చెప్పమని మాస్టారు ఒకసారి అడిగారు. నేను ఏ శరణమూ చెప్పలేనని, అలా చెబితే నాకు తెలియనిదాన్ని తెలిసినట్టు పలికినవాడినవుతానని వివరించాను. ఆయన దానికి నొచ్చుకోలేదు. వాళ్ళు ప్రతిజ్ఞలు చదువుకునేంతసేపూ పక్కన కూర్చుంటాను. తర్వాత, మొదటిసారి వచ్చిన పిల్లలను పోగుచేసి ఏ గోడ ఏ కాలానిదో, అది ఎలా తెలిసిందో చూపించే పని నాకు అప్పగించారు. కిందటిసారి ఒక కుర్రవాడు ఇది బుద్ధుడి కాలానిదేనని బోర్డు మీద ఉన్నా నేను నమ్మాలా అని అడిగాడు. వాడిని పెంకుల దగ్గరికీ, అక్షరాల దగ్గరికీ తీసుకువెళ్ళేసరికి మధ్యాహ్నమైంది.